అమ్రాబాద్‌లో చోటు దొరకలేదా? అడవి అంచున టెంట్ వేసుకునే చోటు వెతుక్కునే పద్ధతి

దీపావళి దాటిందంటే నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "అమ్రాబాద్ అడవిలో రాత్రి బస మొత్తం నిండిపోయింది, వేరే చోటు ఏదైనా చెప్పండి." చోటు పేరు ఒకటి చెప్పేస్తే సరిపోదని అనుభవం మీద తెలుసుకున్నాను. పోయిన ఏడాది ఖాళీగా ఉన్న ఒడ్డు ఈ ఏడాది జాతరలా ఉంటుంది. అందుకే చోటు వెతుక్కునే పద్ధతినే వరుసగా రాస్తున్నాను. హైదరాబాద్ నుంచి శనివారం బయలుదేరి ఆదివారం తిరిగొచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది.

## 1. ముందు హద్దు తెలుసుకోండి

అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంది. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్ట్ దాటితే దోమలపెంట దాకా మీరు ఉన్నది అడవి లోపలే. ఆ దారిలో రోడ్డు పక్కన ఖాళీ జాగా కనిపించినా అది టెంట్ వేసే చోటు కాదు. కారు ఆపి వంట చేసుకునే చోటు కూడా కాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు, నిప్పు పెట్టకూడదు. జాతీయ ఉద్యానాలకూ ఇదే వర్తిస్తుంది. తెలంగాణలోని మూడు జాతీయ ఉద్యానాలు, అంటే కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి, మన నగరం లోపలో అంచునో ఉన్నాయి. వాటిలో టెంట్ వేయొచ్చా అని కూడా కొందరు అడుగుతున్నారు. వేయకూడదు.

అడవి లోపల ఉండాలంటే నేను చెప్పే దారి, అటవీ శాఖ వాళ్లే ఆన్‌లైన్‌లో ఇచ్చే సఫారీ, బస ప్యాకేజీ. అది దొరక్కపోతే హద్దు బయటికి రావాలి. చెంచుపెంటల్లో, అంటే అడవి లోపల చెంచులు ఉండే గూడేల్లో, ఎవరినైనా బతిమాలుకుని ఉండిపోదామని మాత్రం అనుకోకండి. మీరు ఆదివారం ఇంటికి వచ్చేస్తారు, సోమవారం సంజాయిషీ చెప్పుకోవలసింది వాళ్లు.

ఫోన్ మ్యాప్‌లో ఆకుపచ్చగా కనిపించేదే అడవి, తెల్లగా ఉన్నదంతా ఊరు అనుకోవడం పెద్ద పొరపాటు. ఆ రంగుకూ అసలు హద్దుకూ సంబంధం ఉండదు. నేల మీద హద్దు రాళ్లు, కందకాలు, శాఖ బోర్డులు చూడండి. అనుమానం ఉంటే ఆ అడవి భాగాన్ని చూసుకునే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌ను అడగండి, ఆయన ఎవరో ఊళ్లో టీ కొట్టు దగ్గర చెబుతారు.

## 2. చోటు మార్చే ముందు తేదీ మార్చి చూడండి

చాలామందికి కొత్త చోటు అవసరం లేదు, కొత్త తేదీ చాలు. కార్తీక సోమవారాల ముందు రోజులు, శివరాత్రి వారం, మూడు రోజులు కలిసొచ్చే సెలవులు, డిసెంబరు చివరి వారం, వీటిలో శ్రీశైలం రోడ్డంతా బండ్లే. ఒక్క రోజు సెలవు పెట్టి గురువారం వెళ్లగలిగితే అదే అడవి ప్రశాంతంగా ఉంటుంది.

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా టెంట్‌కు అనువైన కాలం. మార్చి నుంచి ఆకు రాలి నిప్పు భయం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో టెంట్ లోపల రాత్రి పదింటికి కూడా ఊపిరాడదు. వానాకాలంలో సఫారీలు మూసేస్తారు, కృష్ణ మీది ఆనకట్టల వెనుక జలాలు (బ్యాక్‌వాటర్) పెరుగుతూ ఉంటాయి. ఆ రెండు కాలాల్లో గది తీసుకోవడమే మంచిదని నా సలహా.

## 3. మూడు దిక్కులు, ఒక్కో దానికి ఒక్కో లెక్క

డిండి, అచ్చంపేట వైపు. శ్రీశైలం రోడ్డు మీద కడ్తాల్, కల్వకుర్తి దాటాక డిండి జలాశయం వస్తుంది. నగరం నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. అడవి ఇంకా మొదలవ్వదు, చుట్టూ చెలకలు, తోటలు ఉంటాయి. తెల్లవారుజామున లేచి మన్ననూరు వెళ్లి సఫారీ ఎక్కాలనుకునేవాళ్లకు ఇదే సరైన దిక్కు. పిల్లలున్న కుటుంబాలకు మొదట ఇదే చెబుతాను.

సోమశిల వైపు. నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్, అక్కడి నుంచి సుమారు 10 కిలోమీటర్లు. శ్రీశైలం జలాశయం వెనుక జలాలు, కొండలు, నీటి మీద సాయంత్రం వెలుతురు, వీటికోసం వెళ్తారు. పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి కాబట్టి టెంట్ కుదరకపోయినా పక్క దొరికే అవకాశం ఉంటుంది. శనివారాలు ఇక్కడా జనం పెరిగారు. ఊరి రేవు దగ్గర కాకుండా కొల్లాపూర్, సింగోటం మధ్య తోటల్లో అడగండి.

వైజాగ్ కాలనీ వైపు. దేవరకొండ దాటి నేరెడుగొమ్ము మండలంలో, నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డున మత్స్యకారుల ఊరు. తాజా చేపల పులుసు దొరుకుతుంది, పడవలు తిరుగుతాయి. అయితే ఒడ్డు వెంట ఏది రైతు పొలమో, ఏది జలాశయం భూమో, ఏది రిజర్వ్ ఫారెస్టో కొత్తవాళ్లకు తెలియదు. ఊళ్లో అడగకుండా ఇక్కడ టెంట్ దించకండి.

వీటిలో ఒక దిక్కు ఎంచుకుని, అక్కడ ఒకటి మొదటి చోటుగా, దానికి ముప్పావు గంట దూరంలో ఇంకో ఊరు రెండో చోటుగా ముందే రాసిపెట్టుకోండి. మూడోది మీ ఇల్లే. రాత్రయినా తిరిగి వచ్చేయగలిగిన దూరంలోనే వెతకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. శ్రీశైలం అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. "ఇక్కడ దొరక్కపోతే శ్రీశైలం వెళ్లి సత్రంలో పడుకుందాం" అనే ఆలోచన చీకటి పడ్డాక పనిచేయదు.

## 4. ఎవరి భూమి? ఎవరిని అడగాలి?

ఈ మెట్టు దాటేస్తే మిగతావన్నీ సరిగ్గా చేసినా రాత్రి పదింటికి టార్చ్ పట్టుకుని ఎవరో ఒకరు వస్తారు. అప్పుడు టెంట్ మడవడం, పిల్లల్ని లేపడం, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. కాబట్టి నిదానంగా చదవండి.

భూమిని నాలుగు రకాలుగా చూడండి.

- పట్టా భూమి: రైతుది. రైతు సరే అంటే చాలు. మన వెతుకులాట అంతా దీనికోసమే.
- శిఖం భూమి (చెరువులో నీరు నిలిచే నేల), జలాశయం ఒడ్డు: ఎక్కువగా ప్రభుత్వానిదే. నీరు తగ్గినప్పుడు ఎవరో సాగు చేసుకుంటూ ఉండొచ్చు, కానీ పడుకోవడానికి అనుమతి ఇచ్చే హక్కు వాళ్లకు లేదు.
- గుడి భూమి: పూజారినో, ఆలయ కమిటీ పెద్దనో అడగాలి. ఉమామహేశ్వరం లాంటి కొండ గుళ్ల చుట్టూ అడవే కాబట్టి అక్కడ అడగనే వద్దు.
- రిజర్వ్ ఫారెస్ట్: వద్దు.

అడగడానికి సరైన సమయం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర. అప్పుడు రైతు చేను దగ్గరే ఉంటాడు, మిమ్మల్ని వెలుతురులో చూస్తాడు, ఇంట్లో వాళ్లతో ఒక మాట అనుకుంటాడు. చీకట్లో నలుగురు కారు దిగి అడిగితే ఎవరైనా వద్దనే అంటారు.

కారును దూరంగా ఆపి ఇద్దరే వెళ్లండి. గుంపులో ఆడవాళ్లుంటే వాళ్లలో ఒకరు రావడం మంచిది, ఆ ఇంటి ఆడవాళ్లతో మాట కలుస్తుంది. నేను అడిగే మాటలు దాదాపు ఇవే:

"నమస్తే అన్నా. మేం నలుగురం, హైదరాబాద్ నుంచి వచ్చినం. ఇయ్యాల రాత్రికి మీ తోటల రెండు టెంట్లు ఏసుకోవచ్చా? పొద్దుగాల ఎనిమిదింటికల్లా ఖాళీ చేస్తం. మంట పెట్టం, మందు తాగం."

ఎంతమంది, ఎన్ని టెంట్లు, ఎప్పుడు వెళ్లిపోతారు, ఏం చేయరు. ఈ నాలుగూ మీరే ముందు చెబితే ఎదుటివాళ్లకు అడగడానికి అనుమానాలు మిగలవు. చాలాసార్లు వచ్చే జవాబు ఇలా ఉంటుంది: "పండుకోండ్రి గానీ, ఆ మూలకు గాదు. పాములుంటయ్. ఈడ ఇంటి దగ్గర ఏసుకోండ్రి." ఆయన చూపించిన చోటే వేయండి. మీకు నచ్చిన మూల ఇంకా అందంగా ఉండొచ్చు, కానీ ఆ నేల ఆయనకు తెలిసినంతగా మనకు తెలియదు.

ఒప్పుకున్నాక ఈ ప్రశ్నలు తప్పకుండా అడగండి:

- "పందుల కోసం కరెంటు తీగ ఏడన్నా పెట్టిన్రా? పక్క చేనోళ్లు పెట్టిన్రా?" అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికి కొందరు రాత్రిళ్లు చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెడతారు. చట్టవిరుద్ధమే అయినా జరుగుతోంది, మనుషులు చనిపోతున్నారు. ఈ ప్రాంతంలో నాకు చిరుతపులి కన్నా ఈ తీగంటేనే ఎక్కువ భయం. పక్క చేను గురించి జవాబు అనుమానంగా ఉంటే చోటు మార్చండి.
- "బోరు మోటారుకు ఆటోమేటిక్ స్టార్టర్ ఉందా?" ఉంటే కరెంటు రాగానే మోటారు దానంతటదే నడుస్తుంది. కాలువ పక్కన వేసిన టెంట్ నడిరాత్రి తడుస్తుంది.
- "ఈ మధ్య మందు కొట్టిన్రా?" పత్తికో మిరపకో పురుగుమందు కొట్టి ఉంటే ఆ గట్టు మీద పడుకోవద్దు.
- "రాత్రి లేవాల్సి వస్తే ఎటు పోవాలె?" మొహమాటపడి ఇది అడగకపోతే, ఆ రాత్రి చీకట్లో ఎటు పడితే అటు నడవాల్సి వస్తుంది.

డబ్బు మాట కూడా అప్పుడే తేల్చండి. కొందరు తీసుకోరు. అప్పుడు రాత్రి భోజనం వాళ్లింట్లోనే చేయించుకుని దానికి సరిగ్గా డబ్బిస్తాను. జొన్న రొట్టె, కోడికూర దొరికాయంటే మీరు మోసుకెళ్లిన నూడిల్స్ ప్యాకెట్లు అలాగే వెనక్కి వస్తాయి. వచ్చేటప్పుడు బేరమాడి, వెళ్లేటప్పుడు తగ్గించి ఇచ్చే అలవాటు మానండి. మీ తర్వాత వచ్చే వాళ్లకు ఆ తోట తలుపు మూసుకుపోతుంది.

ఆఖరున, వీలైతే సర్పంచ్‌కో ఊళ్లో ఒక పెద్దమనిషికో చెప్పి ఉంచమని రైతునే అడగండి. మీ పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు ఒక కాగితం మీద రాసివ్వండి.

## 5. డబ్బు కట్టే క్యాంప్ అయితే

ఒకసారి "అడవి ఒడిలో నిశ్శబ్దం" అన్న ప్రకటన చూసి కుటుంబంతో వెళ్తే, పక్కపక్కనే నలభై టెంట్లు, రాత్రి రెండింటిదాకా పాటలు. మా అమ్మాయి చెవుల మీద దుప్పటి కప్పుకుని పడుకుంది. అప్పటినుంచి ఫోన్‌లో ఇవన్నీ అడిగాకే అడ్వాన్స్ పంపుతున్నాను:

- మొత్తం ఎన్ని టెంట్లు? ఆ రోజు ఎన్ని బుక్ అయ్యాయి?
- స్పీకర్ ఎన్ని గంటలకు ఆపుతారు?
- టాయిలెట్లు ఎన్ని, నీళ్లు వస్తాయా? ఆడవాళ్లకు వేరేగా ఉందా?
- రాత్రి మీ మనిషి అక్కడే ఉంటాడా?
- పడవ ఎక్కితే అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా? పిల్లల సైజువి?
- స్థలం పట్టాదా, ఒడ్డు భూమిదా?

ఆఖరి ప్రశ్నకు మాట దాటేస్తే వదిలేయండి. లైఫ్ జాకెట్ల గురించి "మన పడవలో భయం లేదు సార్" అన్నా వదిలేయండి.

## 6. బయలుదేరే ముందు

సామాను గురించి పెద్దగా చెప్పను, దుకాణాల వాళ్లు కావలసినదానికన్నా ఎక్కువే చెబుతారు. అడవి అంచుకు ప్రత్యేకంగా కావలసినవి మాత్రం ఇవి:

- జిప్పు పూర్తిగా పడే టెంట్. జిప్పు చెడితే ఆ వారం వెళ్లకండి.
- టెంట్ కింద పరచడానికి తార్పాలిన్, మేకులు కొట్టడానికి సుత్తి. చెలక నేల డిసెంబరుకల్లా రాయిలా గట్టిపడుతుంది.
- మనిషికి రోజుకు 4 లీటర్ల తాగునీరు, చేతులు కడగడానికి వేరేగా ఒక 20 లీటర్ల క్యాన్.
- ఒక్కొక్కరికి ఒక టార్చ్. నలుగురికి ఒకటి చాలదు.
- చీలమండ దాకా వచ్చే బూట్లు.
- చిన్న గ్యాస్ స్టవ్. కట్టెలు ఏరడం, మంట వేయడం లేకుండా పని జరిగిపోతుంది.
- రోజువారీ మందులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు.
- చెత్తకు రెండు పెద్ద సంచులు.
- ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్. సిగ్నల్ కొండ తిరిగితే పోతుంది.

అచ్చంపేట, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్, దేవరకొండల్లో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. మీ చోటుకు ఏది దగ్గరో, ఎంత సేపు పడుతుందో ముందే చూసి కాగితం మీద రాసుకోండి. ఇంట్లో ఒకరికి రెండు చోట్ల వివరాలూ పంపండి.

## 7. చేరాక చేయాల్సిన వరుస

డిసెంబరులో అయిదుముప్పావుకల్లా పొద్దు కుంకుతుంది. నాలుగున్నరకు చోటు ఖాయం కాకపోతే రెండో చోటుకు బయలుదేరాలి, అయిదున్నరకు అదీ కాకపోతే గదికో ఇంటికో దారి పట్టాలి. ఈ రెండు గడియారాలూ కచ్చితం.

1. కారును బయటికి వెళ్లే దిక్కు తిప్పి ఆపండి.
2. చోటు చుట్టూ పెద్ద వృత్తంలో నడిచి చూడండి. పుట్టలు, రాళ్ల కుప్పలు, ఎండిన గడ్డి వాములు, జంతువుల కాలిబాటలు ఉంటే దూరం జరగండి.
3. తల పైకెత్తి చూడండి. తాటిచెట్టు కింద వద్దు, ఎండిన మట్ట ఏ గాలికైనా పడుతుంది. పెద్ద చెట్టుకు తేనెపట్టు ఉంటే ఆ చుట్టుపక్కల పొగ కూడా రానివ్వకండి.
4. నీటి ఒడ్డున అయితే తడి గుర్తు ఎక్కడిదాకా ఉందో చూసి, దానికన్నా బాగా ఎత్తులో వేయండి.
5. టెంట్ వేసి జిప్పు మూసేయండి. సామాను సర్దడం ఆ తర్వాత.
6. వెలుతురు ఉండగానే వంట, భోజనం ముగించండి. తిండి, ఎంగిలి కారులోకి వెళ్లిపోవాలి.

నాలుగో మెట్టు నేను నేర్చుకున్నది సాగర్ వెనుక జలాల దగ్గర. ఒక అక్టోబరులో నీటికి పది అడుగుల దూరంలో టెంట్ వేశాం. పైన వాన లేదు, గాలి లేదు. తెల్లారి లేచేసరికి ముందు మేకులు నీళ్లలో ఉన్నాయి. పైనుంచి వరద వదిలితే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా మట్టం పెరుగుతుంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. ఆ వారం ఎంత ఉందో, పెరుగుతోందో తగ్గుతోందో పేపర్లలో రోజూ వస్తుంది. పెరుగుతుంటే ఒడ్డు ఆలోచన మానుకుని తోటలోకి వెళ్లండి.

తగ్గుతున్నప్పుడు ఇంకో ప్రమాదం. పైన ఎండి పగుళ్లు వేసిన మన్ను, కింద బురద. కారు దింపితే ట్రాక్టర్ వచ్చి లాగాల్సిందే. కృష్ణలో మొసళ్లు ఉన్నాయి కాబట్టి చీకట్లో గిన్నెలు కడగడానికి నీళ్లలోకి దిగవద్దు. ఈత అసలే వద్దు.

## 8. రాత్రి

టెంట్‌లోంచి బయటికి వచ్చే ప్రతిసారీ మొదట టార్చ్, తర్వాత బూట్లు దులిపి తొడుక్కోవడం, తర్వాతే అడుగు. కట్లపాము రాత్రిళ్లే తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరిస్తే నొప్పి, గాటు తెలియకపోవచ్చు కూడా. తెల్లవారుజామున ఎవరికైనా కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం కనిపిస్తే గ్యాస్ నొప్పి అనుకుని కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేలా ఉంటే మీ బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గాటు కోయడం, తాడుతో బిగించి కట్టడం, నాటు మందు, ఏవీ వద్దు. కరిచిన చెయ్యి లేదా కాలు కదలకుండా ఉంచితే చాలు.

ఎలుగుబంటి, చిరుత అంచు పొలాలకు వస్తుంటాయని రైతు చెబితే బయట చాపలు వేసుకుని పడుకోవద్దు. పిల్లలను టెంట్ మధ్యలో పడుకోబెట్టండి. చప్పుడు వినిపిస్తే బయటికి వెళ్లి చూడకండి, టార్చ్ వేసి గట్టిగా మాట్లాడండి, రైతుకు ఫోన్ చేయండి.

## 9. తరచూ చేసే పొరపాట్లు, వాటికి మార్గం

ఎవరో పంపిన లొకేషన్ పట్టుకుని నేరుగా వెళ్లడం. ఆ చోట ఇప్పుడు పంట ఉండొచ్చు, గేటు పడి ఉండొచ్చు. లొకేషన్‌ను ఊరి పేరు తెలుసుకోవడానికే వాడండి, అనుమతి కొత్తగా అడగండి.

పది మంది కలిసి వెళ్లడం. నలుగురికి సరే అన్న రైతు పది మందిని చూస్తే వెనక్కి తగ్గుతాడు. పెద్ద గుంపైతే డబ్బు కట్టే క్యాంప్ తీసుకోండి.

ఒప్పుకున్నాక ఇంకో ఇద్దరు స్నేహితులను పిలవడం. ముందు అడగండి. కాదంటే పిలవకండి.

నగరం నుంచి ఆలస్యంగా బయలుదేరడం. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది ఇదే. శనివారం మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరితే తుక్కుగూడ దాటేసరికే మూడవుతుంది. పొద్దున తొమ్మిదికల్లా ఔటర్ రింగ్ రోడ్డు దాటండి, భోజనం కల్వకుర్తిలో చేయండి.

మంట లేకపోతే క్యాంప్ కాదనుకోవడం. పిల్లలు మరీ అడిగితే రైతు ఇంటి కట్టెల పొయ్యి దగ్గర కూర్చోండి. వాళ్లు ఎలాగూ వెలిగిస్తారు, చలికి అది చాలు.

## 10. ఉదయం

చెప్పిన సమయానికి అరగంట ముందే టెంట్ మడవండి. మేకులు లెక్కపెట్టుకోండి, ఒక్కటి మట్టిలో మిగిలినా రేపు ఎద్దు కాలికో ట్రాక్టర్ టైరుకో దిగుతుంది. చెత్త సంచి ఊరి చివర పారేయకుండా హైదరాబాద్ తెచ్చుకోండి. వెళ్లేముందు రైతును పిలిచి మీరు పడుకున్న చోటు చూపించి, ఇవ్వాల్సింది చేతిలో పెట్టి, మళ్లీ రావచ్చా అని అడిగి ఫోన్ నంబరు రాసుకోండి.

మా ఇంట్లో పాత డైరీ వెనుక పేజీలో అలాంటి నంబర్లు ఆరు ఉన్నాయి. ఈ నవంబరులో అమ్రాబాద్ బుకింగ్ పేజీ తెరవకముందే నేను ఫోన్ చేసేది వాటిలో ఒకదానికి.